నాలుగు సీసాల కోసం ఒక దేశం

మన దేశం చాలినంత పేదది కాదన్న సంగతి మా ఆఫీసుకు ఒక సోమవారం పొద్దున్న పదకొండింటికి తెలిసింది. అప్పటికి ఆ పేదరికాన్ని నమ్ముకుని మేం రెండేళ్ళుగా పనిచేస్తున్నాం.

మా ఆఫీసు పేరు అల్పాదాయ దేశాల టీకా ప్యాకింగ్ రూపకల్పన కేంద్రం. విశాఖపట్నం దాటాక హైవే పక్కన ఉంటుంది. నేను అందులో స్టోర్ కీపర్ని, పేరు కూర్మారావు. ఎండా దుమ్మూ ఎక్కువై, కరెంటూ రోడ్డూ సరిగ్గా లేని చోట్లకు టీకా మందు పాడవకుండా చేరే పెట్టె తయారుచేయడం మా పని. ఖర్చు పెట్టేది విదేశాల్లో ఉన్న ఒక దాతల మండలి. పెట్టె ఎప్పుడో తయారైంది. నిపుణుల కమిటీలో ఏడుగురు సభ్యులు, అందుకని పెట్టెకు ఏడు పొరలు. ఎండకొకరు, వానకొకరు, దుమ్ముకొకరు, ఎలకలకొకరు, రోడ్డు కుదుపులకొకరు బాధ్యత తీసుకున్నారు. ఆరో సభ్యుడు చదువురాని వాళ్ళ కోసం పెట్టె మీద బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలేమిటో చదువొచ్చిన మాలో ఎవరికీ అర్థం కాలేదు కనుక అవి సరిగ్గానే ఉన్నాయని తీర్మానించారు. ఏడో సభ్యుడికి ఏ కష్టమూ మిగలక, ఆయన గౌరవార్థం ఊరికే ఒక పొర వేశారు.

టీకా సీసా బొటనవేలంత ఉంటుంది. దాన్ని పెట్టే పెట్టె మాత్రం చంటిపిల్ల ఉయ్యాల తొట్టెంత అయింది.

ఇక పరీక్షించడమే తరువాయి అనుకుంటుండగా మండలి నుంచి ఉత్తరం వచ్చింది. మీ దేశం దిగువ మధ్యాదాయ దేశాల జాబితాలో ఉన్నది, అల్పాదాయ దేశంలో పరీక్షించని పెట్టెను అల్పాదాయ దేశాలకు తగినదిగా మేము గుర్తించజాలము అని దాని సారాంశం.

మా డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. నేనూ ఆయన వెనకాలే నిలబడ్డాను. బయట గుంటలో చక్రం దిగిపోయిన లారీని పదిమంది తోస్తున్నారు. మంచినీళ్ళ ట్యాంకరు కోసం ఆడవాళ్ళు బిందెలతో వరస కట్టారు. గాలి వీచినప్పుడల్లా దుమ్ము లేచి ఆ వరసంతా మాయమై, మళ్ళీ కనబడుతోంది.

"ఇదంతా దిగువ మధ్యాదాయం, కూర్మారావ్," అన్నారాయన బాధగా. "పరీక్షార్హత లేని దుమ్ము. మనకు ఏ విధంగానూ ఉపయుక్తం కాదు."

అదే రోజు స్టోరు బయట బల్ల మీద పాంగి జమునమ్మ కూర్చుని ఉంది. ఆమె ఏజెన్సీ కొండల్లో ఏఎన్ఎం. ఒళ్ళో టీకాలు మోసే నీలం రంగు ఐసు డబ్బా. నాలుగు బస్సులు మారి వచ్చిన మనిషి, నన్ను చూడగానే లేచి నిలబడింది.

ఆమె కథ ఇది. మా పెట్టెను మొదట పరీక్షిద్దామనుకున్నది వాళ్ళ కొండల్లోనే. కొత్త పెట్టె వస్తోంది కనుక పాత ప్యాకింగులో టీకాలు అక్కడికి పంపవద్దని రెండు నెలల కిందట మా ఆఫీసే ఉత్తర్వు ఇప్పించింది. ఇప్పుడు పరీక్ష రద్దయింది. ఉత్తర్వు మాత్రం రద్దు కాలేదు. దాన్ని రద్దు చేయాలంటే పరీక్ష ఫలితం జతపరచాలట. పరీక్షే లేదు, ఫలితం ఎక్కడిది? జిల్లా టీకాల స్టోరుకు వెళితే, మీరు రూపకల్పన కేంద్రం కింద ఉన్నారు, అక్కడే అడుక్కోండని పంపేశారు.

"నాకు నాలుగంటే నాలుగు సీసాలు సాలు బాబూ," అంది. "సీసాకి పదిమందికి వస్తాది. మా నేరేడువలసలో ముప్పై ఎనిమిది మంది పిల్లలున్నారు. పక్కూర్లో తట్టు వచ్చీసింది. వానలు పడితే గెడ్డ పొంగిపోతాది. పొంగిందంటే మూడు నెల్లు అటోలు అటే, ఇటోలు ఇటే."

"మా స్టోర్లో పెట్టెలే గానీ మందు ఉండదు తల్లీ," అన్నాను. కనీసం పెట్టెనైనా చూపిద్దామని ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాను.

ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగింది. తన నీలం డబ్బా మూత తీసి లోపలికి చూసింది, మళ్ళీ పెట్టెను చూసింది.

"ఇది నా డబ్బాలో ఎలగ పడతాది బాబూ?"

రెండేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను వెంటనే వెళ్ళి డైరెక్టరుగారికి మనవి చేశాను. ఆయన చిరునవ్వు నవ్వి, "ఆమె డబ్బా వేరే సంస్థ పరిధిలోని అంశం. మన పెట్టెలో ఆమె డబ్బా పడుతుందేమో చూడమనండి," అన్నారు. చూశాం. డబ్బా శుభ్రంగా పట్టింది.

ఆ వారంలోనే పరాంకుశంగారికి మార్గం తోచింది. అల్పాదాయ దేశానికి మనం వెళ్ళాలంటే ప్రయాణపు అనుమతి కావాలి, పరీక్ష పూర్తయితే తప్ప అది రాదు. కనుక అల్పాదాయ దేశాన్నే ఇక్కడికి రప్పించాలి. మేం మధ్యాహ్నం క్యారమ్స్ ఆడుకునే పద్నాలుగో నంబరు గదిని అందుకు ఎంపిక చేశారు.

మే నెల. బయట కాకులు కూడా నీడ వెతుక్కుంటున్నాయి. కానీ మా భవనమంతా ఏసీ కనుక, ఆ గదిని వేడి చేయడానికి నాలుగు హీటర్లు బిగించారు. గతుకుల రోడ్డుకు బదులు ఊగే బల్ల ఒకటి తెప్పించారు. దుమ్ము విషయంలో డైరెక్టరుగారు రాజీపడలేదు. గేటు బయటి దుమ్ము పనికిరాదు గనుక అల్పాదాయ దుమ్ము కోసం టెండరు పిలిచారు. ఒక కాంట్రాక్టరు నలభై బస్తాలు దించి, నాణ్యత పత్రం మీద నా సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. పదమూడో బస్తా విప్పితే, పోయిన నెల మా గేటు దగ్గర ట్యాంకరు నీళ్ళ బురదలో కూరుకుపోయిన నా ఎడమ కాలి చెప్పు బయటపడింది. దాన్ని చప్పుడు చేయకుండా తీసి సంచిలో వేసుకున్నాను. చెప్పు బాగానే ఉంది.

అన్నిటికంటే ముచ్చటైనది కరెంటు కోత యంత్రం. రోజుకు ఎనిమిది గంటలు, పద్ధతి ప్రకారం, ఆ గదికి మాత్రమే కరెంటు తీసేస్తుంది. ప్రారంభోత్సవం రోజున డైరెక్టరుగారు రిబ్బను కత్తిరించి మీట నొక్కబోతుండగా ఊరంతటికీ కరెంటు పోయింది. ఇంజనీరు రిజిస్టరులో, "కరెంటు లేనందువల్ల కరెంటు కోత నిర్వహించలేకపోయాము," అని రాశాడు. ఇలాంటి అంతరాయం మళ్ళీ కలగకూడదని మర్నాడే జనరేటరు కొన్నారు. అప్పటినుంచి ఊళ్ళో కరెంటు ఉన్నా లేకపోయినా మా కోతలు వేళ తప్పలేదు.

మండలి వాళ్ళు వీడియోలో గదిని చూసి మెచ్చుకున్నారు. వేడి బాగుందన్నారు, దుమ్ము సహజంగా ఉందన్నారు. కానీ ఇది అల్పాదాయమని రుజువేమిటని అడిగారు.

పరాంకుశంగారు తడుముకోలేదు. "మా దేశంలో ఆదాయానికి రుజువు ఒక్కటే. తహసిల్దారు గారి ధ్రువపత్రం," అన్నారు.

మీసేవ కేంద్రానికి నేనే వెళ్ళాను. దరఖాస్తులో పేరు అన్నచోట పద్నాలుగో నంబరు గది అని రాశాను. తండ్రి పేరు దగ్గర కాస్త ఆలోచించి, 'బి' బ్లాకు అని పెట్టాను. కౌంటరు దగ్గరి అమ్మాయి ఏమీ అనకుండా టైపు చేసుకుపోయింది. ఫోటో దగ్గర మాత్రం ఆగి, రెండు చెవులూ కనబడాలంది. గదికున్న రెండు కిటికీలూ పడేలా తీసి ఇచ్చాను, సరిపోయింది.

మూడో రోజున విచారణకు వీఆర్వో చింతాడ తవుడు వచ్చాడు. గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, కాగితాలు మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పొలం పుట్రా ఏటైనా ఉన్నాదా?" అని అడిగాడు.

"లేదండి. గచ్చు ఉంది."

"పింఛను?"

"రాదండి."

"పోనీ అద్దె?"

"ఎవరూ ఉండరు కదండీ, అద్దె ఎక్కడిది?"

"మరి రోజంతా ఏటి సేస్తాది?"

"ఏం చేస్తుందండీ, వేడిలో, దుమ్ములో, కరెంటు లేకుండా పడి ఉంటుంది."

తవుడు ఒక్క క్షణం కలం ఆపాడు. "పాపం," అన్నాడు. చిత్తశుద్ధితోనే అన్నాడు. 'దరఖాస్తుదారు పరిస్థితి దయనీయముగా నున్నది' అని రాసి, తాగిన టీ గ్లాసు గుమ్మం బయట పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజున ధ్రువపత్రం వచ్చింది. వార్షికాదాయం శూన్యం. డైరెక్టరుగారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిచారు. "శూన్యం కూర్మారావ్, శూన్యం! భూమ్మీద ఏ దేశమైనా ఈ స్థాయిని అందుకోగలదా?"

తహసిల్దారు ముద్ర చూశాక మండలి దిగివచ్చింది. పరీక్ష నిమిత్తం పద్నాలుగో నంబరు గదిని ప్రత్యేక అల్పాదాయ దేశంగా జాబితాలో చేర్చుకున్నట్టు ఉత్తరం రాసింది. దేశమన్నాక సరిహద్దు ఉండాలి కనుక గడప మీద పసుపు రంగు గీత గీశారు. వాచ్‌మన్ అక్కడ బల్ల వేసుకుని, లోపలికి వెళ్ళేవాళ్ళ పేర్లు రాసుకుని ముద్ర వేయడం మొదలుపెట్టాడు. ఊడ్చే మనిషి అప్పాయమ్మ రోజుకు రెండుసార్లు విదేశయానం చేసేది. దేశానికి నాలుగు పక్కలా భూమే, సముద్రతీరం లేదు. ఈ లోపం అభివృద్ధికి ఎంత ఆటంకమో డైరెక్టరుగారు ఒక వ్యాసం రాశారు.

పెట్టెను తయారుచేసినవారు పెట్టెను పరీక్షించే దేశాన్ని పాలించకూడదని మండలి నియమం. అందుచేత దేశాధినేత వేరే కావలసి వచ్చింది. మర్నాడు నా బల్ల మీద ఉత్తర్వు ఉంది. 'స్టోర్ కీపరు శ్రీ కూర్మారావు తమ ప్రస్తుత విధులకు అదనముగా సదరు దేశాధినేతగా పూర్తి అదనపు బాధ్యతలు తదుపరి ఉత్తర్వుల వరకు నిర్వర్తించవలెను. ఇందు నిమిత్తం ఎట్టి అదనపు భత్యము చెల్లించబడదు.'

ఇంటికి వెళ్ళి మా ఆవిడతో చెప్పాను. కరివేపాకు తేవడం మర్చిపోయిన నేరం దాంతో మాఫీ కాలేదు.

నేను గద్దెనెక్కిన ఆరో రోజున టీకాలు దిగాయి. తట్టు టీకా, వంద సీసాలు, వాటిలో కలిపే నీళ్ళ సీసాలు వేరేగా. అన్నీ మా ఏడు పొరల పెట్టెల్లోనే వచ్చాయి. సీసాకొక పెట్టె, రెండు లారీలు పట్టాయి. పెట్టెలు గోడ పొడుగునా పేర్చి, మందు చల్లగా ఉండాలి గనుక వాటి పక్కన పెద్ద శీతల పెట్టె పెట్టించాను. ఊగే బల్ల మీద ఊపవలసిన నాలుగు పెట్టెలు తప్ప తక్కినవాటిలోని సీసాలు తీసి అందులో సర్దాను. దేశంలో కరెంటు కోతలు గనుక, దాని తీగ మాత్రం గడప మీదుగా వరండాలోకి లాగాం. పొరుగు దేశం నుంచి కరెంటు దిగుమతి అని రిజిస్టరులో చూపాం.

అప్పుడు తెలిసింది అసలు చిక్కు. పదిహేను రోజుల్లోగా ఆ మందు ఆ దేశపు పిల్లలకు చేరాలి. చేరితేనే పరీక్ష పూర్తయినట్టు. మా దేశ జనాభా సున్నా. అప్పాయమ్మ వచ్చినప్పుడు ఒకటి. ఆమెకు యాభై నాలుగేళ్ళు.

పరాంకుశంగారు మూడు రోజులు అన్నం సహించక తిరిగారు. జనాభా వృద్ధికి ఒక ఉపసంఘాన్ని కూడా వేశారు.

ఆ గడువులో పన్నెండో రోజున జమునమ్మ మళ్ళీ వచ్చింది. మధ్యలో ఒకసారి వచ్చి ఉత్త చేతులతో వెళ్ళింది, ఇది ఆమె మూడో రాక. తడిసిన గొడుగు గోడకు ఆనించి, వరండాలోంచి గదిలోకి చూసింది. శీతల పెట్టె అద్దపు మూత కింద సీసాలు వరసగా కనబడుతున్నాయి. ఆమె గడప దాకా వచ్చి వేలు చూపించింది.

"అది తట్టు మందే కదేటి బాబూ?"

"అదే."

"వంద సీసాలా?"

"వంద."

"మందు ఉన్నాది. పిల్లలు ఉన్నారు. మధ్యన ఏటి ఉన్నాది?"

నేను పసుపు గీత వైపు చూపించాను. "అంతర్జాతీయ సరిహద్దు."

ఆమె ఆ గీతను చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. "నిన్న మా కొండ మీద సిన్న వాన పడ్డాది," అంది నెమ్మదిగా. "గెడ్డ ఇంకా మోకాల్లోతే. రెండ్రోజులు ఆగుతాదేమో. పక్కూర్లో ఒక గుంటపిల్లకి తట్టు కళ్ళకి ఎక్కీసింది బాబూ. ఇంక సూపు రాదంటన్నారు. నాలుగు సీసాలే కదా నాను అడుగుతన్నది."

నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో మేకులు, జిగురు, అట్టలు లెక్కపెట్టి ఇచ్చాను గానీ, ఇలా సిగ్గుపడ్డ రోజు లేదు. దేశాధినేతనై ఉండి నాలుగు సీసాలు ఇవ్వలేకపోతే ఆ ఉత్తర్వును కట్టెల పొయ్యిలో పెట్టుకోవలసిందే. ఆమెను కూర్చోమని, మండలి వాళ్ళ నియమావళి తీసుకుని స్టోరులోకి వెళ్ళాను. మా ఆఫీసులో దాన్ని అందరూ ఉదాహరించడమే గానీ ఎవరూ చదివినట్టు లేదు, పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. అట్టలు కోసే చాకుతో విడదీసుకుంటూ చదివాను. ముప్పై ఒకటో నిబంధన దగ్గర ఆగి, మళ్ళీ చదివి, పరిగెత్తాను.

"సార్, అల్పాదాయ దేశం తన దగ్గర మిగులు ఉన్న టీకాలను, వ్యాధి ప్రబలిన పొరుగు దేశానికి సాయంగా ఇవ్వవచ్చట. ఆ పిల్లలకు వేసినా పరీక్ష కింద లెక్కేనట."

డైరెక్టరుగారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "పొరుగు దేశమంటే?"

"మన గదికి నాలుగు పక్కలా ఉన్నది ఇండియానే కదండీ."

ఆయన ముఖం వెలిగింది. కుర్చీలోంచి లేచారు. "కూర్మారావ్! ఆదాయం శూన్యమైన దేశం, తనకంటే సంపన్నమైన పొరుగు దేశానికి ఆపన్నహస్తం అందించడం! ఇది కేవలం నాలుగు సీసాల బదిలీ కాదు. ఇది ఒక నూతన ప్రపంచ క్రమానికి నాంది. ఫోటోగ్రాఫర్ని పిలవండి!"

సాయంత్రం నాలుగింటికి గడప దగ్గర ఉత్సవం జరిగింది. గీతకు అటువైపు నేను, ఇటువైపు ఇండియా తరఫున జమునమ్మ. డైరెక్టరుగారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆమె మాటిమాటికీ కిటికీలోంచి మబ్బుల వంకే చూస్తోంది. చివరికి నేను సంతకం చేసి, ఊగే బల్ల మీది నాలుగు పెట్టెలు గీత దాటించాను.

ఒక్కో పెట్టె విప్పడానికి పావుగంట పట్టింది. ఆరో పొరను ఎలా విప్పాలో ఏడో పొర మీద రాసి ఉంది, ఏడో పొర మొదటే చింపి పారేశాం. చివరికి జమునమ్మ తల్లోంచి పిన్ను తీసి పని కానిచ్చింది. ప్రతి సీసానూ వెలుతురుకు పట్టి, చీటీ మీది గుండ్రంలో ఉన్న చదరాన్ని చూసింది. మందు వేడికి పాడైతే ఆ చదరం నల్లబడుతుంది.

"తెల్లగానే ఉన్నాది. మందు బాగున్నాది," అంటూ నాలుగు సీసాలూ, నీళ్ళూ తన నీలం డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"ఆగండి!" అన్నారు పరాంకుశంగారు. "ఇది టీకా పరీక్ష కాదమ్మా, పెట్టె పరీక్ష. పెట్టెలు గ్రామానికి చేరనిదే పరీక్షకు సార్థకత లేదు."

జమునమ్మ డబ్బా పట్టీ భుజానికి తగిలించుకుంది. "అలగైతే పెట్టెలు మీరు మొయ్యండి బాబూ. మందు నాను మోస్తాను."

ఆయన దీన్ని సమంజసమైన శ్రమవిభజనగా గుర్తించారు. పెట్టెలు మోసే బాధ్యతను, పూర్తి అదనపు బాధ్యతగా, నాకు అప్పగించారు.

మర్నాడు పొద్దున్న బస్సు దిగినప్పటినుంచి ఎనిమిది కిలోమీటర్లు నడిచాం. ఆమె ముందు, చేతిలో నీలం డబ్బా ఊపకుండా పట్టుకుని. వెనకాల నేను, నెత్తిన రెండు, చేతికొకటి చొప్పున నాలుగు ఖాళీ పెట్టెలతో. దారిలో కనబడ్డ ప్రతివాడూ నన్ను ఏటి అమ్ముతున్నావని అడిగాడు. గెడ్డలో నీళ్ళు తొడల దాకా వచ్చాయి. వాన పొర అద్భుతంగా పనిచేసింది. నేను పూర్తిగా తడిసినా పెట్టెల్లోకి చుక్క నీరు దిగలేదు. లోపల ఏమీ లేకపోవడం వేరే సంగతి.

నేరేడువలసలో మొత్తం ఇరవై రెండిళ్ళు. మేం వెళ్ళేసరికి తల్లులు పిల్లల్నెత్తుకుని బడి అరుగు మీద కూర్చుని ఉన్నారు. జమునమ్మ చేతులు కడుక్కుని మొదటి సీసాలో నీళ్ళు కలిపింది. కలిపిన నాలుగు గంటల్లోపు అయిపోవాలట. సూదులు విప్పి అందించడం, పేర్లు రాయడం నా పని. మొదటి పిల్లాడు సూది చూసి కెవ్వుమన్నాడు. వాణ్ణి చూసి ఇంకా సూది చూడనివాళ్ళు కూడా అందుకున్నారు. అంత ఏడుపును నేను ఎన్నడూ వినలేదు. నవ్వు ఆపుకోలేకపోయాను, ఎందుకో కళ్ళు కూడా తడిశాయి. ఒక తల్లి కొడుకుని వెతుక్కుంటుంటే, వాడు మా పెట్టెలో దూరి మూత వేసుకున్నాడని తెలిసింది. మిగిలిన ఆరు పొరల వెనక ఉన్నవాణ్ణి బయటికి తీయడానికి పావుగంట పట్టింది. వాడూ, మా పెట్టె కూడా చేతనైనంత వరకు పోరాడారు.

మధ్యాహ్నం రెండింటికి ముప్పై ఎనిమిదో పేరు రాశాను. జమునమ్మ రిజిస్టరు నా చేతిలోంచి తీసుకుని, వేలితో ఒక్కో పేరూ తడుముతూ కింది దాకా వెళ్ళింది. ఎవరూ మిగల్లేదు. అప్పుడు అరుగు అంచున కూర్చుని, కాళ్ళు చాపుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. బస్సు దిగాక ఆమె కూర్చోగా చూడడం అదే మొదలు.

ఊరి పైన ఒక బండ దగ్గర మాత్రం ఫోనుకు సిగ్నలు వస్తుంది. పెట్టెల సమాచారం చెబుదామని అక్కడికెక్కాను. అవతల పరాంకుశంగారి గొంతు ఆనందంతో వణుకుతోంది.

"కూర్మారావ్, మనం గెలిచాం! ఇతర దేశానికి సాయమందించగల దేశాన్ని అల్పాదాయ దేశమనడం ఆ దేశానికే అవమానమని మండలి భావించింది. రేపు సాయంత్రం అయిదు గంటలనుంచి పద్నాలుగో గదికి దిగువ మధ్యాదాయ హోదా కల్పిస్తున్నారు. ఇంత వేగంగా పేదరికాన్ని జయించిన దేశం చరిత్రలో లేదట!"

"మరి పరీక్ష సార్?"

"అది ఇక చెల్లదనుకోండి. పక్కనే పదిహేనో నంబరు గది ఉంది కదా, దానికి మీసేవలో దరఖాస్తు పెడదాం. మీరు రేపు అయిదింటికి అధినేత పదవినుంచి విముక్తులవుతారు. మిగిలిన సీసాలు మండలికి తిప్పి పంపేయాలి. ఇంతకీ పెట్టెలు క్షేమమేనా?"

క్షేమమేనని చెప్పి కిందికి దిగాను. జమునమ్మ నా ముఖం చూసి, ఏమైందని అడిగింది. ఉన్నదంతా చెప్పాను. ఆమె మొదట నవ్వింది, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఏదో లెక్కేసుకుంది.

"రేపు అయిదింటి దాకా ఆ దేశం మీదేనా బాబూ?"

"నాదే."

"సీసాలెన్ని మిగిలున్నాయి?"

"తొంభై ఆరు."

"మా ఆస్పత్రి కింద పది సబ్‌సెంటర్లు. అన్నీ మూడు నెల్లుగా నాలాగే ఖాళీ డబ్బాల్తో కూకున్నాయి." ఆమె వేళ్ళ మీద ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. వేళ్ళు చాలక మళ్ళీ మొదటి వేలికి వచ్చింది. "తొమ్మిది వందల అరవై మందికి వస్తాది. సంతకానికి ఎంత సేపు పడతాది మీకు?"

"ఒక్క నిమిషం."

"మరి కూకున్నారేటి? లెగండి. సిస్టర్లందరికీ ఆ బండ దగ్గర్నుంచి ఫోన్ కొట్టీస్తాను. పొద్దున్నకల్లా అందరం డబ్బాల్తో మీ గీత దగ్గరుంటాం."

పదిమంది సిస్టర్లు నీలం డబ్బాలతో వరండాలో వరసగా నిలబడితే డైరెక్టరుగారు ఏమంటారోనని ఒక్క క్షణం భయపడ్డాను. తర్వాత ముప్పై ఒకటో నిబంధన తలచుకున్నాను. అందులో ఎన్ని సీసాలన్న పరిమితి లేదు. పరిమితి పెట్టాలన్న ఆలోచన వాళ్ళకు వచ్చేలోగా ఒక రాత్రీ ఒక పగలూ ఉన్నాయి.

దిగేటప్పుడు వాన మొదలైంది. గెడ్డ మా కళ్ళముందే రంగు మారుతోంది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. అవతలి గట్టెక్కి వెనక్కి చూసుకున్నాక గానీ, పెట్టెలు నాలుగూ బడి అరుగు మీదే వదిలేశానని నాకు గుర్తు రాలేదు. ఇక మూడు నెలలు అటువి అటే. జమునమ్మకు చెబితే, బస్సుకు వేళవుతోంది, తొందరగా నడవమంది.